అడ్వకేట్ జనరల్ మొదలు జిల్లా ప్రభుత్వ ప్లీడరు (జీపీ) దాకా: ప్రభుత్వ న్యాయవాదులు ఎవరికి జవాబుదారీ?

ప్రశ్న: మధురవాడ మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. మధురవాడ వైపు ఒక పాత లేఅవుట్‌లో ఉంటున్నాను. మా కాలనీలోని కొన్ని సర్వే నంబర్లను రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో పెట్టినందువల్ల ఇల్లు అమ్ముకోవడానికి గానీ, పిల్లల పేరిట రాయడానికి గానీ వీలులేక, మేమంతా చందాలు వేసుకుని హైకోర్టులో రిట్ వేశాము. కేసు మంచిచెడ్డలు కోర్టు తేలుస్తుంది కనుక వాటి జోలికి నేను వెళ్లడం లేదు. నా ప్రశ్న ప్రభుత్వం తరఫున నిలబడే న్యాయవాదుల గురించి.

రిట్ వేసిన తరువాత చాలాకాలం ఒకే తంతు జరిగింది. ప్రభుత్వ ప్లీడరు లేచి, శాఖ నుంచి సూచనలు ఇంకా రాలేదని, కౌంటరు, అనగా ప్రభుత్వపు జవాబు అఫిడవిట్, వేయడానికి గడువు కావాలని అడిగేవారు, వాయిదా పడేది. ఎట్టకేలకు వేసిన కౌంటరులో, పాత రికార్డుల ప్రకారం అది పట్టా భూమేనని, జాబితా నుంచి తొలగించే ప్రతిపాదన పరిశీలనలో ఉన్నదని రాశారు. మేము సంతోషించాము. ఈలోగా రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. దానితోపాటు రాష్ట్ర ప్రభుత్వానికి ప్రధాన న్యాయవాది అయిన అడ్వకేట్ జనరల్ మారారు, ప్లీడర్లు మారారు. కొత్తగా వచ్చినవారు వేసిన అదనపు కౌంటరులో అదే అడంగల్‌ను (గ్రామ భూమి, సాగు లెక్కల పుస్తకం), అదే సెటిల్‌మెంట్ రికార్డును (భూమి ఎవరిదో తేల్చి రాసిన పాత రికార్డు) చూపించి, అది మొదటినుంచీ ప్రభుత్వ భూమేనని రాశారు. ప్రభుత్వం మారితే విధానం మారవచ్చు, పథకం పేరు మారవచ్చు; సెటిల్‌మెంట్ నాడు రాసిన అక్షరం ఎలా మారుతుందో నాకు బోధపడలేదు.

విశాఖలో ఇటువంటి అనుభవం మా ఒక్కరిదే కాదని మీకూ తెలుసు. ఇక్కడి భూ అక్రమాలపై 2017లో ఒక సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం), 2019లో మరొక సిట్ వేశారు. సింహాచలం దేవస్థానంతో భూమి వివాదమున్న పంచగ్రామాలలో ఇళ్లు కట్టుకున్నవారు దశాబ్దాలుగా ప్రభుత్వం వైపూ కోర్టు వైపూ చూస్తూనే ఉన్నారు. విలువైన భూమి కేసులో ప్రభుత్వం ఓడిపోతే కావాలనే ఓడిందంటారు, గెలిస్తే ఎవరికోసమో గెలిచిందంటారు. ఊళ్లో ఏ నలుగురు కూర్చున్నా సర్కారు వకీలు ఎవరి మనిషి అన్న మాట రాకుండా ఉండదు. ఆ అనుమానంలో నిజం ఎంతో తేల్చుకునే దారి మామూలు మనిషికి కనబడకపోవడమే నన్ను ఎక్కువగా బాధిస్తున్నది.

తెలిసినవారు చెప్పగలరు: అడ్వకేట్ జనరల్ గానీ, ఆయన కింద పనిచేసే ప్లీడర్లు గానీ కోర్టుకు చెప్పినది తప్పని తేలితే, లేదా అప్పీలు గడువు దాటించి ప్రజల ఆస్తి పోగొడితే, వారిని పిలిచి ఎందుకిలా చేశారని అడిగే అధికారం ఎవరికి ఉన్నది? పన్ను కట్టే మనిషికి ఆ అధికారంలో వీసమెత్తు భాగమైనా ఉన్నదా?

మొదటి జవాబు: సీతమ్మధార న్యాయవాది

మాస్టారూ, మీ కేసు వివరాలు తెలియకుండా మీ కేసు గురించి మాట్లాడను. మీరు అడిగిన పదవి గురించి మాత్రం చెప్పగలను.

కేంద్రంలో అటార్నీ జనరల్‌ను 76వ అధికరణ కింద రాష్ట్రపతి, రాష్ట్రంలో అడ్వకేట్ జనరల్‌ను 165వ అధికరణ కింద గవర్నరు నియమిస్తారు. మొదటివారికి సుప్రీంకోర్టు న్యాయమూర్తి కాగల అర్హత, రెండవవారికి హైకోర్టు న్యాయమూర్తి కాగల అర్హత ఉండాలి. అర్హత న్యాయమూర్తిదే అయినా రక్షణ మాత్రం న్యాయమూర్తిది కాదు. హైకోర్టు న్యాయమూర్తిని తొలగించాలంటే పార్లమెంటు ఉభయ సభల్లో ప్రత్యేక మెజారిటీ కావాలి. అడ్వకేట్ జనరల్ గవర్నరు ఇష్టం ఉన్నంతకాలమే, అనగా ఆచరణలో మంత్రివర్గం ఇష్టం ఉన్నంతకాలమే, పదవిలో ఉంటారు. 177వ అధికరణ ప్రకారం శాసనసభలో మాట్లాడే హక్కు ఆయనకు ఉన్నది, ఓటు లేదు. సభకు వచ్చి మాట్లాడే హక్కును రాజ్యాంగం ఇచ్చినప్పుడు, సభకు వచ్చి సమాధానం చెప్పే ఆనవాయితీని మనం పెంచుకోవచ్చు, పెంచుకోలేదు.

ఆయన కింది స్థాయిలో, అంటే జీపీలు, ఏజీపీలు (సహాయ ప్రభుత్వ ప్లీడర్లు), సెషన్స్ కోర్టుల్లో ప్రభుత్వం నియమించే పబ్లిక్ ప్రాసిక్యూటర్ల (పీపీల) విషయంలో, మన రాష్ట్రంలో న్యాయశాఖ 2000లో 187వ నంబరు జీవోగా ఇచ్చిన లా ఆఫీసర్ల నియామక, సేవా షరతుల సూచనలే ఆధారం. మూడేళ్ల గడువు, నెల నోటీసుతో తొలగింపు. మెజిస్ట్రేటు కోర్టుల్లోని ఏపీపీలు (సహాయ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు) పోటీ పరీక్ష రాసి వచ్చినవారు. వారి పరిస్థితి వేరు. ప్రభుత్వం మారిన వెంటనే జీపీలు రాజీనామా చేయడం, చేయనివారిని చేయమనడం మన కోర్టు ఆవరణలో అందరూ చూసేదే. ఉత్తరప్రదేశ్‌లో ఒకసారి జిల్లాల ప్రభుత్వ న్యాయవాదులను ఒక్క ఉత్తర్వుతో మూకుమ్మడిగా తొలగించినప్పుడు, 1990లో శ్రీలేఖా విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఇది కేవలం కక్షిదారుకూ వకీలుకూ మధ్య ఉన్న ఒప్పందం కాదని, ఇందులో ప్రజా ప్రయోజనం ఇమిడి ఉన్నదని, సమానత్వ హక్కును ఇచ్చే 14వ అధికరణ దీనికీ వర్తిస్తుందని చెప్పింది. 2016లో బ్రిజేశ్వర్ సింగ్ చహల్ కేసులో ఇంకొక అడుగు ముందుకు వేసి, ప్రజాధనంతో ఫీజు చెల్లించే న్యాయవాదులను ఎంతమంది అవసరమో లెక్క చూసుకోకుండా, ప్రతిభ పరీక్షించకుండా ఇష్టానుసారం నియమించడం కుదరదన్నది. ఆ దరిమిలా హర్యానా 2016లో, పంజాబ్ 2017లో లా ఆఫీసర్ల నియామకానికి చట్టాలు చేశాయి. అడ్వకేట్ జనరల్ పదవి మాత్రం నేరుగా రాజ్యాంగంలోనిది కాబట్టి ఆ చట్టాల చేయి అంతవరకు వెళ్లలేదు.

ఇక నిజాయితీ మాట. ఈ పదవిలో కూర్చున్న ప్రతివారూ పార్టీ మనుషులేనన్న అభిప్రాయాన్ని నేను ఒప్పుకోను. మొదటి అటార్నీ జనరల్ ఎం.సి. సెతల్వాడ్ 1950 నుంచి 1963 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఎల్ఐసీ సొమ్ముతో ముంద్రా కంపెనీల షేర్లు కొన్న వ్యవహారంపై 1958లో చాగ్లా కమిషన్ విచారణ జరిపినప్పుడు, ఆయన తన సొంత ప్రభుత్వపు ఆర్థికమంత్రికి అనుకూలంగా వాదించలేదు. కార్యదర్శి చేసిన పనికి మంత్రి బాధ్యత వహించవలసిందేనని నిలబడ్డారు. టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు, సెతల్వాడ్ మరో ఐదేళ్లు పదవిలో కొనసాగారు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ ప్రకటించగానే అదనపు సొలిసిటర్ జనరల్‌గా ఉన్న ఫాలీ నారిమన్ పదవి వదిలి వెళ్లిపోయారు. అదే కాలంలో, హెబియస్ కార్పస్ కేసుగా పేరుపడిన జబల్పూర్ ఏడీఎం కేసులో, పోలీసు అకారణంగా ప్రాణం తీసినా కోర్టుకు వెళ్లే దారి లేదా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతవరకు లేదని అటార్నీ జనరల్ నిరేన్ డే వాదించారు. 1976 ఏప్రిల్‌లో నలుగురు న్యాయమూర్తులు ఆ వాదనను ఆమోదించారు. ఖన్నా ఒక్కరే విభేదించారు. ఆ తీర్పును సుప్రీంకోర్టు స్పష్టంగా పక్కన పెట్టడానికి 2017లో వ్యక్తిగత గోప్యత హక్కుపై వచ్చిన పుట్టస్వామి తీర్పు దాకా ఆగవలసి వచ్చింది. ముగ్గురినీ నియమించింది ప్రభుత్వమే, ముగ్గురి పదవీ ప్రభుత్వ ఇష్టం మీద నిలిచినదే. ఎవరెలా నడుచుకోవాలన్నది మాత్రం ఏ నిబంధనా నిర్ణయించలేదు, వారి వారి మనస్సాక్షి నిర్ణయించింది. మనస్సాక్షి మీద ఆధారపడిన వ్యవస్థను జవాబుదారీ వ్యవస్థ అనలేమన్న మీ ఆవేదన మాత్రం న్యాయమైనదే.

మీ రెండు కౌంటర్ల సంగతికి వస్తే, విధానం మారిందని చెప్పే స్వేచ్ఛ ప్రభుత్వానికి ఉన్నది. వాస్తవం మారిందని ప్రమాణం చేసే స్వేచ్ఛ లేదు. కౌంటరు కింద సంతకం చేసేది ప్లీడరు కాదు, శాఖాధికారి. రెండింటిలో ఒకటి అబద్ధమని పైకే కనబడుతున్నప్పుడు, కోర్టులో తప్పుడు ప్రమాణంపై విచారణ కోరడానికి కొత్త నేర విచారణ స్మృతి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 379వ సెక్షన్ ఉన్నది. పాత స్మృతి సీఆర్‌పీసీలో అది 340. ముందు ఆ రెండు అఫిడవిట్లనూ పక్కపక్కన పెట్టి, తేడాకు వివరణ ఇమ్మని ప్రభుత్వాన్ని ఆదేశించవలసిందిగా మీ న్యాయవాది చేత ఒక అనుబంధ దరఖాస్తు వేయించండి. చాలామంది న్యాయవాదులు రేపు మళ్లీ అదే జీపీ ఎదుట నిలబడాలి కనుక ఈ పని చేయడానికి మొహమాటపడతారు. మీరే గట్టిగా అడగాలి.

రెండవ జవాబు: విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు, అక్కయ్యపాలెం

న్యాయవాది గారు చెప్పినది బాగున్నది కానీ, సంతకం శాఖాధికారిది అన్నచోట ఆపేశారు. ఆ సంతకం వెనుక ఏమి జరుగుతుందో ఉద్యోగకాలమంతా చూసినవాణ్ణి కాబట్టి నేను చెబుతాను.

రిట్ దాఖలైన నకలు ముందు జీపీ కార్యాలయానికి, అక్కడినుంచి కలెక్టరేటులోని లీగల్ సెల్‌కు, అక్కడినుంచి ఆర్డీఓకు, ఆయన దగ్గరనుంచి తహసీల్దారుకు వస్తుంది. పిటిషన్‌లోని ఒక్కొక్క పేరాకు శాఖ ఇచ్చే జవాబును, అనగా పేరావారీ వ్యాఖ్యలను, రాయవలసింది తహసీల్దారు కార్యాలయంలోని ఒక డిప్యూటీ తహసీల్దారో, సీనియర్ అసిస్టెంటో. ఆ మనిషికి అదే రోజు ప్రోటోకాల్ డ్యూటీ ఉంటుంది, ఎన్నికల జాబితా సవరణ ఉంటుంది, తుపాను వస్తే పునరావాస కేంద్రం ఉంటుంది. రాసిన వ్యాఖ్యలు మళ్లీ అదే మెట్లు ఎక్కి జీపీకి చేరేసరికి మూడు వాయిదాలు పోతాయి. అప్పుడు జీపీ, శాఖ నుంచి సూచనలు రాలేదని కోర్టుకు చెబుతారు. అది అబద్ధం కాదు. కొన్నిసార్లు వ్యాఖ్యలు జీపీ బల్ల మీదే నెలల తరబడి ఉంటాయి. అప్పుడూ సూచనలు రాలేదనే చెబుతారు. అది అబద్ధం. బయటినుంచి చూసేవారికి రెండూ ఒకేలా వినబడతాయి.

కేసుల పర్యవేక్షణకు మన రాష్ట్రంలో ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చింది. ఏ కేసు ఎక్కడ ఆగిందో శాఖల లాగిన్‌లలో కనబడుతుంది. ప్రజలకు ఆ కిటికీ తెరిస్తే సగం అనుమానాలు తీరిపోతాయన్నది నా అభిప్రాయం. తెరవకపోవడానికి కారణం సాంకేతికం కాదని మీరూ ఊహించగలరు.

అప్పీలు గడువు దాటించడం గురించి మాస్టారు అడిగారు. ఇది నేరుగా డబ్బుతో ముడిపడిన విషయం కనుక కొంచెం విడమరచి రాస్తాను. కింది కోర్టులో ప్రభుత్వం ఓడిపోతుంది. అప్పీలు వేయాలా వద్దా అన్న న్యాయ అభిప్రాయం రావాలి, దాని మీద శాఖ నిర్ణయం జరగాలి, తరువాత కోర్టు నకలు, దస్తావేజులు. ఈ ప్రయాణంలో ఒక్కచోట ఒక్క మనిషి ఫైలును సొరుగులో ఉంచితే చాలు, గడువు గడిచిపోతుంది. ఆ తరువాత ఎవరో మేలుకొని ఆలస్యం మన్నించమని పిటిషన్ వేస్తారు. లివింగ్ మీడియా కేసులో తపాలాశాఖ 427 రోజులు ఆలస్యంగా వచ్చినప్పుడు, ప్రభుత్వమైనంత మాత్రాన కాలపరిమితి చట్టం వేరుగా ఉండదని 2012లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అయినా అలవాటు పోలేదు. 2020 అక్టోబరులో మధ్యప్రదేశ్ ప్రభుత్వం 663 రోజుల ఆలస్యంతో వచ్చిన భేరూలాల్ కేసులో కోర్టు మరింత కఠినంగా మాట్లాడింది. ఇలాంటివాటిని సర్టిఫికేట్ కేసులని పిలిచింది. సుప్రీంకోర్టు కూడా కొట్టివేసిందన్న కాగితం ఒకటి చేతికి వస్తే, ఇక చేయగలిగింది లేదని ఫైలు మూసేయవచ్చు, తప్పు చేసినవారిని కాపాడవచ్చు. ఆ కాగితం కోసమే ఈ ఆలస్యపు అప్పీళ్లు వేస్తున్నారని న్యాయమూర్తులు రాశారు. 25,000 రూపాయల ఖర్చులు విధించి, బాధ్యులైన అధికారుల దగ్గర వసూలు చేయమన్నారు. ఆ తీర్పు చదివినప్పుడు, మా గదిలో కూర్చుని ఎవరో చూసి రాసినట్లు నాకు అనిపించింది.

కానీ గమనించండి, వసూలు చేయమన్నది అధికారుల దగ్గరే. మన హైకోర్టు 2022 మార్చిలో, పాఠశాలల ఆవరణలో గ్రామ సచివాలయ భవనాలు కట్టవద్దన్న ఆదేశాలను ఉల్లంఘించినందుకు ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు జైలుశిక్ష వేసి, వారు క్షమాపణ చెప్పిన తరువాత దానిని సంక్షేమ వసతిగృహాలలో సేవగా మార్చింది. పత్రికలలో ఆ ఎనిమిది పేర్లూ వచ్చాయి. ఇటువంటి కేసుల్లో కోర్టు ఆదేశాలు వచ్చినప్పుడు శాఖకు ఏ న్యాయసలహా అందింది, ఎవరిచ్చారు అన్నది మాత్రం ఎప్పుడూ బయటికి రాదు. సలహా సరైనదై అధికారి దానిని పెడచెవిన పెట్టి ఉంటే ఆ న్యాయవాదికి మర్యాద దక్కాలి. తప్పు సలహా అయితే మాట పడాలి. రెండూ జరగడం లేదు. ధిక్కరణ కేసు వచ్చినప్పుడు బోనెక్కేది మేమే.

మూడవ జవాబు: లా విద్యార్థిని, సబ్బవరం

పెద్దలిద్దరికీ నమస్కారం. న్యాయసలహా బయటికి రాదన్న మాట దగ్గర నేను ఒక విషయం చేర్చాలనుకుంటున్నాను. అటార్నీ జనరల్ కార్యాలయం సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తుందా అన్న వివాదం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. వస్తుందని ఏకసభ్య ధర్మాసనం 2015లో చెప్పింది. ప్రభుత్వం అప్పీలు చేయగా 2017 ఫిబ్రవరిలో ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. అటార్నీ జనరల్ ప్రధానంగా ప్రభుత్వానికి న్యాయసలహాదారు కాబట్టి ఆయన కార్యాలయం ప్రజాధికార సంస్థ కాదన్నది దాని సారాంశం. రాజ్యాంగం సృష్టించిన పదవి ప్రజాధికార సంస్థ కాదనడం నాకు మింగుడుపడలేదు. మా తరగతిలో దీని మీద పెద్ద వాదనే జరిగింది, సగం మంది నాతో ఏకీభవించలేదు కూడా.

వారి వాదనలోనూ బలమున్నదని ఒప్పుకోవాలి. కక్షిదారుకూ వకీలుకూ మధ్య జరిగే మాటల గోప్యత మనకెంత అవసరమో ప్రభుత్వానికీ అంతే అవసరం. కేసు నడుస్తుండగా ప్రభుత్వం తన బలహీనతను తన న్యాయవాదికి నిర్భయంగా చెప్పుకోలేకపోతే నష్టపోయేది ప్రజల ఆస్తే. అయితే కేసు ముగిసిన తరువాత కూడా ఆ గోప్యత ఎవరిని కాపాడుతున్నది? అక్కడ కక్షిదారు మంత్రి కాదు కదా, ప్రజలు కదా.

అదీకాక, ఈ పదవిలో ఉన్నవారు కారణాలు రాసి ప్రకటించలేరనడం నిజం కాదు. కోర్టు ధిక్కరణ చట్టం, 1971 కింద ఒక పౌరుడు క్రిమినల్ ధిక్కరణ పిటిషన్ వేయాలంటే సుప్రీంకోర్టులో అటార్నీ జనరల్ లేదా సొలిసిటర్ జనరల్, హైకోర్టులో అడ్వకేట్ జనరల్ అనుమతి కావాలి. మన అప్పటి ముఖ్యమంత్రి జగన్ భారత ప్రధాన న్యాయమూర్తికి రాసిన లేఖపై 2020లో అటువంటి అనుమతి కోరినప్పుడు, అప్పటి అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ నిరాకరిస్తూ ఎందుకు నిరాకరిస్తున్నారో రాశారు. ఆ కారణాలు అన్ని పత్రికల్లో వచ్చాయి. నచ్చినవారూ ఉన్నారు, నచ్చనివారూ ఉన్నారు, కానీ వాదించుకోవడానికి ఎదుట ఒక కాగితం ఉన్నది. వందల కోట్ల భూమి విషయంలో అప్పీలు వద్దని ఇచ్చిన అభిప్రాయానికి అటువంటి కాగితం మనకెందుకు దొరకకూడదు?

కోర్టుకు చెప్పిన మాట తప్పని తేలితే ఏమవుతుందని మాస్టారు గారు అడిగారు. 2013లో బొగ్గు గనుల కేసులో సీబీఐ దర్యాప్తు స్థితి నివేదికను రాజకీయ నాయకత్వానికి చూపలేదని అదనపు సొలిసిటర్ జనరల్ సుప్రీంకోర్టుకు చెప్పారు. కొన్ని వారాలకే, దానిని కేంద్ర న్యాయశాఖ మంత్రికి చూపినట్లు సీబీఐ డైరెక్టరే అఫిడవిట్ వేశారు. ఆ అదనపు సొలిసిటర్ జనరల్, తనను బలిపశువును చేస్తున్నారని అర్థం వచ్చేలా అటార్నీ జనరల్‌కు లేఖ రాసి రాజీనామా చేశారు. సీబీఐని పంజరంలోని చిలుక అని కోర్టు అన్నది ఆ విచారణలోనే. మంత్రి కూడా మే నెలలో పదవి వదిలారు. ఇంత జరగడానికి కారణం, ఆ కేసును స్వయంగా సుప్రీంకోర్టు పర్యవేక్షించడం, దేశమంతా దానివైపు చూడడం. మధురవాడ సర్వే నంబరు కేసులో అలా చూసేవారెవరు?

నాల్గవ జవాబు: గాజువాక వ్యాపారి

పెద్దలందరూ భూముల గురించే మాట్లాడుతున్నారు. క్రిమినల్ కేసుల సంగతి ఇంతకంటే ఘోరం. ప్రతిపక్షంలో ఉండగా నాయకుల మీద పెట్టిన కేసులు, వారు అధికారంలోకి రాగానే ప్రాసిక్యూషన్ ఉపసంహరణ పేరుతో మాయమవుతాయి. అన్ని పార్టీలూ ఈ విషయంలో అన్నదమ్ములే. అటువంటి దరఖాస్తు మీద సంతకం పెట్టే పీపీని ఎవరు అడుగుతారు?

సీతమ్మధార న్యాయవాది

అయ్యా, చట్టం ప్రకారం ఆ దరఖాస్తు పీపీ సొంత విచక్షణతో వేయవలసినది; ప్రభుత్వం చెప్పిందని గుడ్డిగా వేయకూడదు, కోర్టు సమ్మతి లేనిదే కేసు పోదు. ఆచరణలో విచక్షణ ఎంత ఉంటుందో మీరు ఊహించినదే. అయినా గేటుకు గొళ్లెం పడిన మాట వాస్తవం. కేరళ శాసనసభలో జరిగిన విధ్వంసం కేసును ఉపసంహరించుకోనివ్వబోమని 2021 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మరుసటి నెలలోనే, ఎంపీలు, ఎమ్మెల్యేల మీది కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని ఆదేశించింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ 360వ సెక్షన్‌లో, బాధితుని మాట వినకుండా సమ్మతి ఇవ్వరాదన్న నిబంధన కూడా చేరింది. మీకు తెలిసిన కేసులో బాధితుడు ఎవరైనా ఉంటే ఈ నిబంధన సంగతి వారికి చెప్పండి, చాలామందికి తెలియదు.

మధురవాడ మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. అనుబంధ దరఖాస్తు విషయం మా న్యాయవాదితో మాట్లాడతాను. డిప్యూటీ తహసీల్దారు గారు రాసినది చదివిన తరువాత, తప్పు ప్లీడరుదో శాఖదో మేము ఎన్నటికీ తెలుసుకోలేని విధంగానే ఈ ఏర్పాటు ఉన్నదని నాకు అర్థమయింది. ఇద్దరూ ఒకరినొకరు చూపిస్తారు, ఇద్దరి మధ్య ఫైలు కదిలిన తేదీలు మాత్రం మాకు కనబడవు. ఆ తేదీలు కావాలంటే ఎక్కడ అడగాలి? న్యాయవాది మీద వృత్తిపరమైన ఫిర్యాదు చేయాలంటే ఎక్కడికి వెళ్లాలి? బార్ కౌన్సిల్‌కు రాస్తే ఉపయోగం ఉంటుందా?

సీతమ్మధార న్యాయవాది

ప్రభుత్వం నియమించినంత మాత్రాన న్యాయవాది, న్యాయవాదుల చట్టం పరిధి దాటిపోడు. 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఏడాదిలోగా తేలకపోతే అది భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ అవుతుంది. ఇందులో ఒక వింత ఉన్నది. రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో అడ్వకేట్ జనరల్ హోదా రీత్యా సభ్యులు. క్రమశిక్షణ కమిటీ ఏ న్యాయవాదిని విచారించినా అడ్వకేట్ జనరల్‌కు కూడా నోటీసు ఇచ్చి ఆయన మాట వినాలి. ఒక సాధారణ న్యాయవాది మీద ఫిర్యాదు వచ్చినప్పుడు ఇది మంచి ఏర్పాటే. ఆయన కార్యాలయంలోని వారి మీదనే ఫిర్యాదు వస్తే ఎలా అన్నది చట్టం రాసినవారు ఆలోచించినట్లు లేదు. లంచం వంటి ఆరోపణకు ఆధారం ఉంటే అవినీతి నిరోధక చట్టం వర్తిస్తుంది. ప్రభుత్వం నుంచి ఫీజు తీసుకుని ప్రజావిధి నిర్వహించేవారు కూడా ఆ చట్టంలోని పబ్లిక్ సర్వెంట్ నిర్వచనంలోకి వస్తారు. కానీ ఆధారం లేకుండా, కేవలం కౌంటరు మారిందన్న కారణంతో, ఈ రెండు దారులూ తొక్కవద్దని నా సలహా. కేసు కంటే ఫిర్యాదే పెద్దదై కూర్చుంటుంది.

విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు, అక్కయ్యపాలెం

మాస్టారూ, తేదీల సంగతి నేను చెబుతాను. సబ్బవరం అమ్మాయి చెప్పిన ఢిల్లీ తీర్పు చూసి నిరుత్సాహపడకండి. మీరు అడ్వకేట్ జనరల్ కార్యాలయాన్ని అడగనక్కరలేదు. కలెక్టరేటు, ఆర్డీఓ కార్యాలయం, తహసీల్దారు కార్యాలయం నిస్సందేహంగా సమాచార హక్కు చట్టం కిందివే, సచివాలయంలోని న్యాయశాఖ కూడా అంతే. జిల్లా స్థాయిలో పది రూపాయలు, మండల స్థాయిలో ఐదు రూపాయలు రుసుము. జీపీ కార్యాలయం నుంచి మీ రిట్ నకలు ఏ తేదీన అందింది, పేరావారీ వ్యాఖ్యలు ఏ తేదీన ఏ నంబరుతో పంపారు, రెండవసారి వ్యాఖ్యలు ఎవరి ఆదేశం మీద మళ్లీ రాశారు అన్న మూడింటికీ ఇన్‌వార్డు, డిస్పాచ్ రిజిస్టర్ల నకళ్లు అడగండి. ఎందుకు మార్చారు అని మాత్రం రాయకండి. ఎందుకు అన్న ప్రశ్నకు సమాచారం లేదని జవాబు వస్తుంది, రిజిస్టరు లేదని చెప్పడం ఎవరికైనా కష్టం. వ్యాఖ్యల నకలు ఇవ్వము, కేసు కోర్టులో ఉన్నది అంటారు. కోర్టు స్పష్టంగా నిషేధించిన సమాచారానికే ఆ మినహాయింపు వర్తిస్తుంది, కేసు నడుస్తున్నంత మాత్రాన కాదు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, మరో ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి. దరఖాస్తు రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకోండి. చేతికిస్తే రేపు రండి అంటారు.